పుష్యమిలో పూసిన మఖపువ్వు

గుంటూరు,
14 జూన్ 2025.

ఆదెమ్మ వదినకు,

నువ్వు పంపిన ఉలవల మూట అందింది. మా ఆయన రాజరత్నం గారు వారంలో మూడుసార్లు ఉలవచారు పెట్టించుకుని, తర్లుపాడు ఉలవలకున్న రుచి ఈ ఊరి ఉలవలకు లేదన్నారు. అన్నారంటే నేను విన్నానని కాదు. పలక మీద రాసి చూపించారు. రెండేళ్ల కిందట ఆ జ్వరం వచ్చి నా చెవులు పట్టుకుపోయినప్పటి నుంచి మా ఇంట్లో మాటలన్నీ మార్కాపురం పలక మీదే నడుస్తున్నాయి. పోట్లాట కూడా. ఆయన కోపంగా రాయబోతే బలపం విరుగుతుంది, దాంతో ఇద్దరికీ నవ్వొస్తుంది.

చెవులు పోయాయని ఏడ్చిన మాట నిజమే గానీ, నీ ఉత్తరం వచ్చిన రోజు మాత్రం వాటిని క్షమించేస్తాను. ఫోనులో మాట్లాడుకోగలిగితే నువ్వు ఇంత రాసేదానివా?

ఒక చిన్న సంగతి. మీ పలకల తిప్ప మీద, పడమటి వాలులో, రాళ్ల సందుల్లో ఒక బుల్లి పువ్వు పూసేది, గుర్తుందా? బెత్తెడు కాడ, జొన్న పేలమంత తెల్లటి పువ్వు, రేకుకో ఊదా గీత. నేను కాలేజీలో బాటనీ చదివే రోజుల్లో నీతో గొర్రెల వెంట వచ్చి చూశాను. మీ నాయన మస్తానయ్య మామ దాన్ని మఖపువ్వు అనేవాడు. అది ఇంకా పూస్తోందా? నువ్వు ఈమధ్య చూశావా?

ఊరికే అడుగుతున్నాను. చెవులు పోయి ముందే రిటైరయిన లెక్చరర్‌కు పాత పువ్వులు తలుచుకోవడం కంటే పనేముంటుంది.

నీ వదిన,
స్టెల్లా

&nbsp;

గొల్లపల్లె,
తర్లుపాడు మండలం,
27 జూన్ 2025.

స్టెల్లా వదినకు,

"ఊరికే అడుగుతున్నాను" అని రాశావు చూడు, అక్కడే పట్టుబడ్డావు. తొమ్మిదో తరగతిలో నా లెక్కల నోటుబుక్కు ఊరికే చూసి ఇస్తానని తీసుకుని ఐదు లెక్కలు ఎక్కించుకున్నావు. నువ్వు ఊరికే అడిగావంటే నా గొర్రెలు కూడా నమ్మవు.

మా అంజలి తన ఫోన్లో నీకు మెసేజ్ పెడతానంటోంది. వద్దన్నాను. కోడలి చేత రాయిస్తే కోడలి మీద ఏం రాయను? ఈ నెల దాని మీద చాడీలేమీ లేవు. ఉపాధి పనికి పోతోంది, వచ్చి వంట కూడా చేస్తోంది. మా సాగర్ ఆటో తర్లుపాడుకూ మార్కాపురానికీ మధ్య తిరుగుతూనే ఉంది.

పువ్వు ఉంది. ఎక్కడికి పోతుంది? నిరుడు కూడా చూశాను. పొద్దు బారెడెక్కాక విచ్చుకుంటుంది, గొర్రెలు నీళ్లకు దిగేలోపు ముడుచుకుంటుంది. నాయన దానికి ఆ పేరు ఊరికే పెట్టలేదు. జెండా పండగ పోయాక వచ్చే మఖ కార్తెలో తప్ప ఇంకెప్పుడూ కనబడదు. ముందు పోయి వెతికితే బ్రహ్మదేవుడికి కూడా దొరకదు, పుబ్బ కార్తె వచ్చేసరికి మాడి మట్టిలో కలిసిపోతుంది. అది కనబడితే నాయన ఉలవలు విత్తడానికి గొర్రు తీసేవాడు.

అయితే ఈ ఏడు దానికి గండం వచ్చేలా ఉంది. ఉపాధి పని కింద తిప్పంతా కందకాలు తవ్వి మొక్కలు నాటుతారట. ఫీల్డ్ అసిస్టెంటు హరికృష్ణ వచ్చి సున్నంతో గీతలు పోయించాడు. సరిగ్గా ఆ పడమటి వాలు మీదుగా పోయాయి. వాన నీళ్లు నిలుస్తాయి, మంచి పనే, నేను కాదనను. ఆ ఒక్క వాలు వదిలిపెట్టమని అడిగాను. అతడు నవ్వలేదు, కసరలేదు. "పువ్వుందని వదిలితే రేపు ఇంకొకాయన వచ్చి ముల్లుందంటాడు పెద్దమ్మా. పై ఆఫీసోళ్లకు చూపీడానికి ఏందన్నా కాగితముంటే తీసుకురా, గీత నేనే జరిపిస్తా" అన్నాడు.

నీ దగ్గర అటువంటి కాగితం ఏదైనా ఉందా? ఇంతకీ ఎందుకు అడిగావో రాయి. సాగదీయకు.

ఆదెమ్మ

&nbsp;

గుంటూరు,
9 జూలై 2025.

వదినా,

సరే, ఊరికే అడగలేదు.

నీకు ఇన్నేళ్లూ చెప్పలేదు గానీ ఆ పువ్వు పుస్తకంలోకి ఎక్కింది. డిగ్రీలో నేను ఎండబెట్టి ఇచ్చిన మొక్కల్లో మా సార్ దాన్ని చూసి, మన వైపు ఇది ఇంతకుముందు ఎవరూ రాయలేదని పట్నంలో ఎండు మొక్కలు దాచే హెర్బేరియానికి పంపించారు. మూడేళ్లకు మన ప్రాంతపు మొక్కల పుస్తకం అచ్చయితే అందులో ఒక లైను దానిది. సేకరించినది ఫలానా అని నా పేరు వేశారు. ఉద్యోగం ఇంటర్వ్యూకు ఆ పేజీ పట్టుకుని వెళ్లాను. కూలి చేసే పౌలు కూతురు లెక్చరర్ అయిందంటే అందులో ఆ లైనుకూ కొంత వాటా ఉంది.

ఇప్పుడు ఆ హెర్బేరియంలోనే పనిచేసే ఇందు అనే అమ్మాయి ఆ పుస్తకాన్ని కొత్తగా రాస్తోంది. పాత పుస్తకంలోని ప్రతి మొక్కనూ మళ్లీ కంటితో చూసి రాయాలని ఆమె పట్టుదల. నా పువ్వు కోసం మూడేళ్లు తిరిగిందట, దొరకలేదట. ఈ ఏడు కూడా కనబడకపోతే ఆ లైను కొట్టేస్తామని మర్యాదగా ఉత్తరం రాసింది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను వదినా, ఒక్క పిల్ల గుర్తుపెట్టుకుందో లేదో తెలియదు. లోకంలో నా పేరుతో ఉన్నది ఆ ఒక్క లైను. అది పోతుందంటే నెల రోజులుగా నాకు అన్నం సయించడం లేదు.

మఖ రాగానే నువ్వు ఒక మొక్క వేరుతో సహా తీసి, పేపరులో అదిమి నాకు పంపించు. మిగతాది నేను చూసుకుంటాను.

ఆ పేజీ జిరాక్సు దీనితో పెడుతున్నాను. ఇంగ్లీషులో ఉంది, నువ్వు చదవక్కర్లేదు. నా పేరు కింద ఎర్రగీత గీశాను, అది చూస్తే చాలు. ఇది నీ ఒక్కదానికే. ఎవరికీ చూపించకు. హరికృష్ణ అడిగిన కాగితం సంగతి వేరే ఆలోచిస్తాను, ఇది దానికి పనికిరాదు.

స్టెల్లా

&nbsp;

గొల్లపల్లె,
26 జూలై 2025.

శ్రీమతి స్టెల్లా గారికి,

ఆదెమ్మ రాయునది. మేమంతా క్షేమం.

ఎవరికీ చూపించవద్దని మీరు రాసిన మాట నేను వినలేదు. మా తిప్ప మీది పువ్వు పుస్తకానికెక్కింది, దాని పక్కన నా స్నేహితురాలి పేరుంది. దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటానా? కొంగున కట్టుకుని నేరుగా ఉపాధి పని జరిగే చోటికి పోయాను. యాభై అరవై మంది అన్నాలు తింటున్నారు. కాగితం అడిగావు గదా, ఇదిగో అని హరికృష్ణ చేతిలో పెట్టాను. పెట్టి, అందరికీ వినపడేలా చదవమని కూడా చెప్పాను.

అతడు చదివి తెలుగులో చెప్పాడు. "గిద్దలూరు అడవి అంచున, తొంభయ్యో సంవత్సరం జూలై ఇరవై ఆరున తెచ్చినారు అనుంది పెద్దమ్మా. మన తిప్ప పేరు యాడా లేదే. గిద్దలూరు యాడ, మనం యాడ? ఈ కాగితం చూపిస్తే అది మన కాడ లేదనే చెప్పినట్లు అయితాది."

ఎవరో నవ్వారు. అంజలి తల వంచుకుని అన్నం కలుపుతూ కూర్చుంది. నేను కాగితం మడిచి కొంగున కట్టుకుని వచ్చేశాను.

ఇవాళ జూలై ఇరవై ఆరు. పుష్యమి కార్తె నడుస్తోంది. పొద్దున్నే తిప్పెక్కి పడమటి వాలంతా చూశాను. ఎండిన బోద గడ్డి తప్ప ఏమీ లేదు. మఖలో పుట్టి పుబ్బలో మాడేది పుష్యమిలో ఎట్లా పూసిందో, ఇక్కడి నుంచి గిద్దలూరు దాకా ఎట్లా నడిచిపోయిందో చదువుకున్నవారు మీరే చెప్పాలి.

జెండా పండగ అయ్యాక వచ్చే సోమవారం నుంచి కందకాలు మొదలు.

ఇట్లు,
ఆదెమ్మ

&nbsp;

గుంటూరు,
31 జూలై 2025.

వదినా,

నీ ఉత్తరం చూసి చాలా బాధపడ్డాను. నలుగురిలో నీకు అలా జరగకూడదు. అది అచ్చుతప్పు అయి ఉంటుంది. పాత పుస్తకాల్లో ఇలాంటివి మామూలే, వందల మొక్కల్లో ఒకదాని వివరం ఇంకోదానికి పడిపోతుంది. నేను కనుక్కుని రాస్తాను. మొక్క సంగతి మాత్రం మరిచిపోకు.

స్టెల్లా

&nbsp;

గొల్లపల్లె,
5 ఆగస్టు 2025.

వదినా,

అచ్చుతప్పయితే ఒక అక్షరం తప్పుతుంది, ఒక ఒత్తు ఎగిరిపోతుంది. తర్లుపాడు అని రాస్తే గిద్దలూరు అని ఎట్లా పడుతుంది? రెండు ఊళ్ల పేర్లకూ పోలికే లేదు. తేదీ కూడా దాంతోపాటే తప్పిందా? నాకు ఇంగ్లీషు రాకపోవచ్చు గానీ కార్తెలు వచ్చు. నీకూ వచ్చు. మీ అమ్మతో కలుపులకు పోయినదానివే గదా.

నేను ఆ రోజు ఏదీ మరిచిపోలేదు. మఖలో రెండు వానలు పడ్డాక వచ్చావు. మా ఇంట్లో జొన్నరొట్టె తిన్నావు. తిప్ప మీద మేక ఒకటి నోరు పెట్టబోతుంటే దాని చెవి పట్టి లాగి, ఆ పువ్వు నీకు చూపించింది నేను. కాడ విరుగుతుందేమోనని నేను పట్టుకున్నాను, నువ్వు చాకుమొనతో వేరు తవ్వావు. పుస్తకంలో నా పేరు లేదని నాకు కోపం లేదు. గొర్రెలు కాసేదాని పేరు పుస్తకంలో ఉండి ఏం చేస్తుంది, మేపుతుందా? నాకు కావలసింది ఆ వాలు.

నువ్వు ఆలోచించావో లేదో గానీ, నేను మూడు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. పుస్తకంలో అట్లాగే ఉంటే గిద్దలూరులో లేని పువ్వును కాపాడతారు, ఇక్కడ ఉన్న పువ్వును తవ్వి పారేస్తారు. ఇంకా రెండు వారాలే ఉంది.

ఏం జరిగిందో నోరు విప్పి చెప్పు. పైన వదినా అని రాశాను, చూశావా? రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను.

ఆదెమ్మ

&nbsp;

గుంటూరు,
10 ఆగస్టు 2025.

ఆదెమ్మా,

అచ్చుతప్పు కాదు. నేను రాసిందే అచ్చు వేశారు.

ఆ ఏడు జూలైలో మా క్లాసంతా గిద్దలూరు అడవి వైపు మూడు రోజుల టూరు వెళ్లింది. ఒక్కొక్కరు యాభై మొక్కలు తెచ్చి, ఎండబెట్టి, ఒక్కోదానికి ఎక్కడ దొరికిందో ఎప్పుడు దొరికిందో లేబులు రాసి ఇవ్వాలి. మగపిల్లలతో అడవిలో మూడు రాత్రులా అని మా నాయన నన్ను పంపలేదు. గడువు దగ్గర పడింది. అప్పుడే మీ ఊరు వచ్చాను. నాలుగు రోజులు నీ వెంట తిప్పలూ వాగులూ తిరిగి యాభై మొక్కలు పోగు చేశాను. సార్ దగ్గరికి వెళ్లి, మా అన్నను తోడు తీసుకుని నేను కూడా ఆ నెలలోనే వేరుగా గిద్దలూరు వెళ్లానని చెప్పాను. యాభై లేబుళ్లకూ ఆ ఊరే, జూలై ఇరవై ఆరే రాశాను.

నిజం రాస్తే సార్ ఏమీ అనేవారు కాదు. మొక్క ఎక్కడిదైతేనేం, ఆయనకు మొక్క కావాలి. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. అయినా రాయలేదు. అందరూ అడవి చూసి వస్తే నేను గొర్రెల వెంట తిరిగి తెచ్చానంటే నవ్వుతారని సిగ్గుపడ్డాను. నీతో తిరిగానని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. ఈ వాక్యం రాయడానికి నాలుగు కాగితాలు చించాను వదినా, అయినా ఇంతకంటే బాగా రాయడం చేతకాలేదు.

ఇంకోటి కూడా ఉంది. జూలైలో మొక్క పంపమని నిన్ను అడిగాను చూడు, దాన్ని మళ్లీ గిద్దలూరుదని చెప్పి ఇందు చేతికి ఇవ్వాలనే అడిగాను. ఆ వాలు తవ్వేస్తారని నువ్వు రాసినా, నాకు నా లైనే కనబడింది. అచ్చుతప్పని రాసిన రోజు కూడా అంతే.

నీ ఉత్తరం నిన్న మా ఆయనకు చూపించి మొత్తం చెప్పాను. ముప్పై ఏళ్ల కాపురంలో ఈ ముక్క ఆయనకూ తెలియదు. పలకను రెండుసార్లు తుడిచారు. చివరికి "ఇన్నాళ్లు మోసినావు గదా, ఇంక దించెయ్" అని రాశారు. చర్చికి వెళ్లి వచ్చి ఇందు పేరున ఉత్తరం రాశాను, దాన్నే ఫోటో తీసి వాట్సాప్‌లో కూడా పంపాను. ఊరు తప్పు, తేదీ తప్పు, చూపించిన మనిషి పేరు ఆదెమ్మ, పువ్వు పూసేది మఖలో అని మొత్తం రాశాను. హరికృష్ణ ఆఫీసుకు ఆమె చేత కాగితం పంపించమని అడిగాను. ఆమె నన్ను ఏమనుకుంటుందో తెలియదు. లైను కొట్టేసినా సరే.

మీ ఊరు వస్తానని మాత్రం ఆమె వెంటనే జవాబు పెట్టింది. ఒకవేళ ఆమె ఉన్నప్పుడు పూయకపోతే నువ్వే చెయ్యాలి. ఎక్కువ ఉంటేనే ఒక్కటి తియ్యి. వేరు తెగకుండా తీసి, మట్టి దులిపి, పాత పేపరు మడతలో పువ్వు విచ్చుకున్నట్లు పరిచి, పైన పలకో బండో బరువు పెట్టు. రోజూ పేపరు మార్చు. లేబులు అక్కడే, ఆ రోజే రాయాలి. ఇంటికి వచ్చి రాస్తే ఏమవుతుందో నన్ను చూస్తే తెలుస్తుంది.

క్షమించమని అడగను. జవాబు రాస్తే చాలు.

స్టెల్లా

&nbsp;

గొల్లపల్లె,
30 ఆగస్టు 2025.

వదినా,

నీ ఉత్తరం తిప్ప మీద కూర్చుని చదువుకున్నాను. కోపం రాలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? నాతో తిరిగినందుకు సిగ్గా అని రెండు రోజులు గొర్రెలను తిట్టాను. పాపం, వాటికేం తెలుసు. మూడో రోజు ఇంకో సంగతి గుర్తొచ్చింది. నువ్వు కాలేజీలో చేరిన కొత్తలో నిన్ను చూడడానికి మార్కాపురం వచ్చాను. గేటు బయట నీ స్నేహితురాళ్లను చూసి, నా కాళ్లకు చెప్పులు లేవని అట్నుంచి అటే వెనక్కి తిరిగి వచ్చేశాను. ఆ సంగతి నేనూ నీకు ఇన్నేళ్లు చెప్పలేదు. సిగ్గు నీ ఒక్కదానికే కాదులే.

ఇక జరిగింది విను. ఇందు ఇరవయ్యో తారీకున వచ్చింది. సాగర్ ఆటోలో ఎక్కించుకుని తెచ్చాడు. సన్నటి పిల్ల, మా ఇంట్లోనే రెండు రాత్రులు పడుకుంది. అప్పటికే కందకాలు తూర్పు వైపు మొదలయ్యాయి. ఆమె ఉత్తరం చూపిస్తే హరికృష్ణ పడమటి వాలు నెలాఖరు దాకా ఆపుతానన్నాడు. అప్పటికీ పువ్వు లేకపోతే తన చేతుల్లో ఏమీ ఉండదన్నాడు. రెండు రోజులు ఆ పిల్ల, నేను మోకాళ్ల మీద పాకినట్లు వెతికాం. వాన చుక్క లేదు. మఖా పుబ్బలు వరపయితే మహా క్షామమని నాయన అనేవాడు, ఆ మాటే చెవిలో తిరిగింది. పట్నంలో పరీక్షల పని ఉందని ఆమె వెళ్లిపోయింది. పోతూ పోతూ నిన్ను తిట్టలేదు. "మేడం రాసి ఉండకపోతే ఇంకో ఇరవై ఏళ్లయినా గిద్దలూరులోనే తిరిగేవాళ్లం ఆంటీ" అంది.

ఆమె పోయిన రెండో రోజు ఉరిమింది. మఖ ఉరిమితే మదురు మీది కర్ర కూడా పండుతుందంటారు గదా. రెండు గంటలు కురిసింది. నేను రోజూ పొద్దున ఎక్కి చూడడం, దిగడం. చవితి నాడు మా ఇంట్లో కుడుములు కూడా అంజలే చేసుకుంది. చవితి మర్నాడు పొద్దు బారెడెక్కింది. రాళ్ల మధ్య ఒకటి కనబడింది. కూర్చుని చూస్తే ఇంకోటి. లెక్కపెట్టాను, నలభై ఒకటి. సున్నం గీతకు అటూ ఇటూ, కొన్ని సరిగ్గా గీత మీదే. ఏడుపొచ్చింది వదినా, నవ్వుతావేమో.

అంజలి పనికాడి నుంచి హరికృష్ణను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ రోజు తల వంచుకున్నది ఇదేనా అనిపించింది. అతడు వంగి వంగి చూసి, "ఇంత చిన్నదానికా పెద్దమ్మా ఇంత గలాటా?" అన్నాడు. "నీ గీతకంటే ముందు నుంచి ఉంది నాయనా" అన్నాను. ఫోటోలు తీసుకున్నాడు, సున్నపు గీతను కాలితో తుడిచాడు. కొత్త గీత కిందికి, బండ్లబాట పక్కన పోశాడు. ఆఫీసు కాగితం వస్తే ఖాయం చేస్తానన్నాడు. అంజలి ఫోటోలు ఇందు ఫోనుకు పంపింది. ఫోటో ఒక్కటే చాలదు, మొక్క, లేబులు కావాలని ఆమె జవాబు పెట్టింది.

ఒకటే తీశాను. నువ్వు చెప్పినట్లే చేశాను. లేబులు అక్కడే రాయి మీద పెట్టుకుని రాశాను. మొక్కతో పాటు ఇందు పేరున స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. నీ కోసం ఇక్కడ ఎక్కిస్తున్నాను, తప్పులుంటే చెప్పు.

పేరు: మఖపువ్వు. మా నాయన మస్తానయ్య పిలిచే పేరు.
చోటు: పలకల తిప్ప, పడమటి వాలు, గొల్లపల్లె, తర్లుపాడు మండలం.
తేదీ: 28 ఆగస్టు 2025, మఖ కార్తె.
నేల: పలకరాయి ముక్కలు, కింద ఎర్రమట్టి.
ఎన్ని: నలభై ఒకటి ఉన్నాయి. తీసింది ఒకటి.
తీసినవారు: ఆదెమ్మ.
ఇంతకు ముందు: 1990 మఖలో ఇదే చోట స్టెల్లా తీసింది. నేను కాడ పట్టుకున్నాను.

ఆదెమ్మ

&nbsp;

గుంటూరు,
7 సెప్టెంబరు 2025.

వదినా,

తప్పులు లేవు. ముప్పై ఏళ్లలో నేను కొన్ని వేల లేబుళ్లు దిద్దాను, ఇంత నిజమైన లేబులు నా చేతికి రాలేదు.

నిన్న ఇందు దగ్గరికి వెళ్లి వచ్చాను. నీ మొక్క చెక్కుచెదరకుండా చేరింది. దాన్ని తెల్లటి అట్ట మీద కుట్టి, పక్కన నీ లేబులు అతికించారు. ఇంగ్లీషులో టైపు చేసి అతికించడం అక్కడి పద్ధతి. ఇందు టైపు చేసింది గానీ నీ చేతిరాత తీసేయలేదు, రెండూ పెట్టింది. లైను పుస్తకంలో ఉంటుంది. ఊరు మారింది, తేదీ మారింది, పేర్లు రెండయ్యాయి. ఆమె ఆఫీసు నుంచి హరికృష్ణ ఆఫీసుకు కాగితం శుక్రవారమే వెళ్లింది, ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది.

నా పాత అట్టను కూడా బయటికి తీశారు. పువ్వు రంగు పోయి ఎండుటాకులా ఉంది. ఇరవై ఏళ్ల పిల్ల రాసిన గుండ్రటి అక్షరాలు, ఎంత ధీమాగా రాసిందో. దాన్ని చింపడానికి వీల్లేదట. దాని కింద చిన్న చీటీ మీద, పైన రాసిన ఊరూ తేదీ నిజం కావని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. ఇద్దరు కుర్ర లెక్చరర్లు అక్కడే ఉన్నారు, ఏదో మాట్లాడుకున్నారు. నాకు వినపడలేదు. ఒక్కోసారి చెవులు పోవడం కూడా మంచిదే.

నువ్వు గేటు దాకా వచ్చి వెళ్లిపోయిన సంగతి మళ్లీ మళ్లీ చదివాను. చెప్పుల్లేకుండా ఆ గేటు లోపలికి నేను మొదటి ఏడంతా వెళ్లాను ఆదెమ్మా. నువ్వు పిలిచి ఉంటే పరిగెత్తుకుని వచ్చేదాన్ని. తరువాత సిగ్గుపడేదాన్నేమో, అది కూడా నిజమే.

సంతకం పెట్టి లేవబోతుంటే ఇందు నా భుజం తట్టి ఒక కాగితం ముందు పెట్టింది. దాని మీద, "మేడం, మిగతా నలభై తొమ్మిది?" అని రాసి ఉంది.

ఆ రోజు నేను ఇచ్చినవన్నీ వాళ్ల అల్మారాలో భద్రంగా ఉన్నాయట. నలభై తొమ్మిదింటి మీదా గిద్దలూరు, జూలై ఇరవై ఆరు. ఏది వాగు ఒడ్డుదో, ఏది మీ చేని గట్టుదో, ఏది బేస్తవారిపేట బాటలో పీకిందో నాకు ఒక్కటీ గుర్తు లేదు. ఫోటోలు తీసి ఇచ్చింది, సంచిలో పెట్టుకున్నాను.

వచ్చే శనివారం పొద్దున బండికి మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగుతున్నాను. సాగర్‌ను పంపించు. ఎన్ని రోజులు పడుతుందో తెలియదు, మా ఆయన తన వంట తానే చేసుకుంటానని రాసిచ్చారు. నలభై తొమ్మిది చోట్లకూ నన్ను నువ్వే తీసుకుపోవాలి. నువ్వు చెప్పింది చెప్పినట్లు రాస్తాను.

నీ వదిన,
స్టెల్లా